పూతకు పట్టు

నునుపైన పాతగోడపై క్రొత్తగార పూయవలసివచ్చినప్పుడు తాపీపనివాడు మొదట ఆ గోడకు గాట్లు పెట్టును. గార యెంత మేలైనదైనను గాటు లేని గోడపై నిలువదని యాతడెరుగును. ఈ సామాన్యసత్యమే నేడు విమానయంత్రముల నిర్మించువారి కొక గడ్డుసమస్యయై కూర్చున్నది.

లోహమును కరగించి, సన్నని తుంపరగా వేరొక వస్తువుపై చిమ్మి పూతపెట్టు విద్యను 1910 ప్రాంతమున స్విట్జర్లాండు దేశస్థుడగు మాక్స్ షూప్ ఆచరణలోనికి దెచ్చెను. నేడీ పనికి 10,000 డిగ్రీలు మించిన ప్లాస్మాజ్వాలను గూడ వాడుచున్నారు. అందు బడిన పొడిరేణువులు కరగి, మహావేగమున బోయి వస్తువునకు దగిలి, గోడకు గొట్టిన పిడకలవలె చదునై, రెప్పపాటులో వేయవవంతైన పట్టకుండ గడ్డకట్టును. గడ్డకట్టుచు కుదించుకొని, క్రింది మిట్టపల్లములను బిగించి పట్టుకొనును. పూత నిలుచుట చాలవరకు ఈ పట్టువలననే.

లోహములకు గరుకుదనము గల్పించుట సులభము. కురువిందపు పలుకులను గాలివేగముతో జల్లుకొట్టిన చాలును. సిరామికముల సంగతి వేరు. ఇవి పింగాణివలె పెళుసువి; కొన్ని కురువిందమంత, కొన్ని యంతకన్నను కఠినమైనవి. పలుకులు వానిని చక్కగా చెక్కజాలవు. బలముగా గొట్టినచో గరుకునకు మారు బీటలు పుట్టును. బీటవారిన నేలపై వేసిన పూత యెన్నాళ్లుండును?

అంత కఠినమైన పదార్థమునకు పూత యేల యని పాఠకులడుగవచ్చును. 2016లో ప్రయాణికుల విమానములందు ప్రవేశించిన లీప్ ఇంజనును చూడుడు. దాని టర్బైనులో మిక్కిలి వేడిచోట నున్న కొన్ని భాగములను సిలికాన్ కార్బైడు నారలతో బలపరచిన సిరామికముతో జేసిరి. నికెల్ మిశ్రలోహముకన్న నిది మూడింట నొకవంతు బరువు; వేడికి నంతకన్న నెక్కువగా నోర్చును. కాని యింధనము మండగా పుట్టు నీటియావిరి దీనికి శత్రువు. సిలికాన్ కార్బైడుపై నేర్పడు సిలికా పొరను ఆ యావిరి వాయురూపమున నెత్తుకొనిపోవును. భాగము నానాటికి హరించును. దీనిని కాపాడునది పైనున్న పూత యొక్కటే. పూత యూడినచో కవచము పోయినట్లే.

ఇచ్చట లేజరు కిరణము అక్కరకు వచ్చుచున్నది. 1960లో అమెరికాలో థియొడోర్ మైమన్ మొదట వెలిగించిన యీ కిరణమును క్షణికమైన తునుకలుగా ప్రయోగించినచో సిరామికముపై పదులకొలది మైక్రానుల లోతు గల గుంటలను కోరినచోట, కోరిన వరుసలో త్రవ్వవచ్చును. మైక్రాననగా మిల్లీమీటరులో వేయవవంతు. పనిముట్టు వస్తువును తాకదు గనుక దెబ్బ లేదు. విరిగి యిరుకుకొను పలుకులును లేవు. పూతకును నేలకును నడుమ బీట పుట్టినను, అది తిన్నగా సాగక గుంటగుంటకును దిగి యెక్కవలసివచ్చును.

అట్లని గుంటలు త్రవ్వినంతనే పని ముగియదు. గుంట మరీ యిరుకైనచో కరగిన బొట్టు అడుగంటక గాలి నిలిచిపోవును. గుంటలు మరీ దగ్గరైనచో నడిమి గట్లు బలహీనములగును. కిరణపు తునుక దీర్ఘమైనచో దాని వేడియే సన్నని బీటలను గల్పించును. మిక్కిలి హ్రస్వమైనచో బీటలు తగ్గును గాని పని నెమ్మది, వ్యయమధికము. కావున రేణువు కొలతను బట్టి గుంట కొలతను నిర్ణయింపవలెను. పిదప పూతకు జిగురుతో కడ్డీ నంటించి, యూడువరకు లాగి, ఎచ్చట తెగెనో చూడవలెను. పూతలోననే తెగినచో పట్టు గెలిచినది. సంధిలో తెగినచో మరల మొదలిడవలెను.

దీనితో మనకేమి పనియందురా? యుద్ధవిమానములకై కావేరి ఇంజను నిర్మాణమును మనదేశము 1989లో తలపెట్టెను. అయినను మన తేజస్ విమానము నేటికిని అమెరికా ఇంజనుతోనే యెగురుచున్నది. వేడిచోట నిలుచు పదార్థములును, వానిపై నిలుచు పూతలును స్వాధీనము కానిది ఇంజను స్వాధీనము కాదు. హైదరాబాదు చెంత బాలాపూరులోని ఏ.ఆర్.సి.ఐ. పరిశోధనాలయమున లేజరు విద్యయు పూతవిద్యయు నొకేచోట నున్నవి. ఇది చిన్న సౌకర్యము కాదు.

ధనమున్నచో లేజరుయంత్రమును కొనవచ్చును, ప్లాస్మా పరికరమును కొనవచ్చును. ఏ పొడికి ఏ గుంట తగునన్న యెరుకను మాత్రము ఎవరును సంతలో నమ్మరు. అది వందలకొలది తునుకలను పూసి, లాగి, విరిచి, ప్రతి వైఫల్యమును పద్దు వ్రాసికొన్నవారికే దక్కును. పైమెరుగు చూచి మురియు ప్రభువులు, అడుగున గాట్లు పెట్టువాని కూలి తగ్గింపకుందురు గాక.