గాంధీగారు విమానమెక్కిన బొమ్మ

బరంపురంలో మా అమ్మమ్మగారింట్లో, దేవుడి మందిరం పక్కన ఒక పాత రంగుబొమ్మ ఉండేది. గాంధీగారు పూలవిమానంలో కూర్చుని ఉంటారు. కింద మబ్బులు, పక్కన అప్సరసలు. ముఖంలో చిరునవ్వు. అది చూసి ఆయన ముసలితనంతో నిద్రలోనే పోయారనుకునేదాన్ని. తుపాకీ సంగతి బళ్ళో పాఠం చెప్పినప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి "అమ్మమ్మా, ఇందులో నెత్తురేదీ?" అని అడిగితే, "దేవుడి పక్కన నెత్తురెవరు పెట్టుకుంటారే?" అంది.

ఆ బొమ్మలు ఎందుకలా ఉంటాయో ఆ జవాబే చెబుతుంది. 1948 జనవరి 30 తర్వాత అచ్చయిన ఇలాంటి పటాలు వార్త చెప్పడానికి వేసినవి కావు, ఇంట్లో పెట్టి దండం పెట్టుకోవడానికి వేసినవి. అందుకే చిత్రకారులు జనానికి తెలిసిన పాతభాషనే వాడారు. భగత్ సింగ్‌ని 1931 మార్చి 23న లాహోరులో ఉరితీశారు. కానీ కొన్ని పటాల్లో ఆయన తన తెగిన తలని భారతమాతకి సమర్పిస్తుంటాడు. ఉరి అంటే సర్కారు వేసిన శిక్ష; తల ఇవ్వడమంటే తనంతట తాను చేసిన త్యాగం. బొమ్మ ఆ శిక్షని త్యాగంగా మార్చేసింది.

ఇది మన దేశపు అలవాటే అనుకోకండి. 1865లో లింకన్ చనిపోయిన గది పొడవు సుమారు 17 అడుగులు, వెడల్పు 10 అడుగుల లోపే. అచ్చుబొమ్మల్లో మాత్రం అందులో పాతికమంది పెద్దమనుషులు నిలబడి ఉంటారు. ప్రాణం పోయే వేళ ఆయన భార్య ముందుగదిలో ఉంది. బొమ్మల్లో మంచం పక్కనే ఏడుస్తూ కనిపిస్తుంది.

అక్కడ లేని భార్యని తెచ్చి పెట్టారు. మా ఇంటి బొమ్మలో ఉన్నవాళ్ళని తీసేశారు. ఆ సాయంత్రం గాంధీగారు చేతులు వేసి నడిచింది మను, ఆభాల భుజాల మీద. ఇద్దరూ మన ఈడువాళ్ళే. హంతకుడు మనుని పక్కకి నెట్టేస్తే ఆమె చేతిలోని జపమాల కింద పడింది. ఆ అమ్మాయిల చోట్లో అప్సరసలొచ్చారు.

మన వీరగల్లులు చూడండి. చాలావాటిలో కింది అరలో యుద్ధం, మీది అరలో వీరుణ్ణి మోసుకెళ్ళే అప్సరసలు ఉంటారు. స్వర్గం చూపించినా, ఎలా చచ్చిపోయాడో దాచలేదు. మా బొమ్మ మీది అర ఉంచుకుని కింది అర వదిలేసింది.

కిందటేడు సున్నాలు వేసినప్పుడు దాన్ని తీసేద్దామని మామయ్య అంటే అమ్మమ్మ ఒప్పుకోలేదు. నేనూ వద్దనే అన్నాను. బొమ్మ అబద్ధం కాదు, సగం మాట. మీ ఇళ్ళల్లోనూ అలాంటి పటాలుంటే ఒకసారి దగ్గరగా చూడండి. ఎవరున్నారో సరే, ఎవరు లేరో కూడా చూడండి.