రక్తదాతల జాబితాలో మీ పేరు ఉందా?

కాన్పు తర్వాత రక్తస్రావం ఆగని తల్లికి నిమిషాల మీద రక్తం కావాలి. ఆ వేళ ఆసుపత్రికి అండగా నిలిచేది స్వచ్ఛంద రక్తదాతల జాబితా.

పేర్లు పెరిగేకొద్దీ ఈ జాబితా మరింత మందికి పనికొస్తుంది. మన దేశంలో ఓ నెగెటివ్ వారు నూటికి ఇద్దరు ముగ్గురే. ఇరవై పేర్లలో అలాంటివారు ఒక్కరూ లేకపోవచ్చు. ఐదు వందల పేర్లుంటే పదిమందైనా దొరికే అవకాశం ఉంది. 1952లో డాక్టర్ వై.ఎం. భెండే బృందం వెల్లడించిన బాంబే గ్రూపు మన దేశంలో సుమారు పదివేల మందిలో ఒకరికే ఉంటుంది. వారికి ఆ గ్రూపు రక్తమే ఎక్కించాలి. అందుకు ఒక ఊరి జాబితా చాలదు, ఊళ్ల జాబితాలన్నీ కలవాలి.

రక్తాన్ని ఎక్కువ కాలం నిల్వ ఉంచలేము. ప్లేట్‌లెట్లు 5 రోజులు, ఎర్రకణాలు 35 నుండి 42 రోజులు మాత్రమే నిలుస్తాయి. ఒకసారి రక్తమిచ్చిన పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. కొద్దిమందే ఉంటే భారమంతా వారిపైనే పడుతుంది.

“మాది మామూలు గ్రూపే కదా” అని వెనుకాడకండి. రోజూ ఎక్కువగా కావలసినది ఆ రక్తమే. 18 నుండి 60 ఏళ్లలోపు వారు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉంటే ముందుకు రావచ్చు. మిగతా పరీక్షలు మేము చేస్తాము.

సంఘకాపరులు, యౌవనస్థులు, స్త్రీల సమాజం వారు ఆదివారం ఆరాధన తర్వాత పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లు వ్రాసి పంపవలసినదిగా కోరుచున్నాము. నంబరు మారితే తప్పక తెలియజేయండి.