సచివాలయం దాకా వెళ్లిన బండి

కండ్లకోయ దగ్గర మిగిలిపోయిన 1.1 కిలోమీటర్ల ముక్క 2018 మే 1న తెరుచుకోవడంతో హైదరాబాద్ చుట్టూ 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు పూర్తయింది. మేడ్చల్‌కి ఎగ్జిట్ 6, శామీర్‌పేటకి ఎగ్జిట్ 7. కారులో ఎక్కినవాళ్లు ఒక్క సిగ్నల్ కూడా తగలకుండా శంషాబాద్ దాకా వెళ్లిపోతారు. బండి మీద వచ్చినవాళ్లు మాత్రం ర్యాంపు ముందే పక్కకు తిరగాలి. ఔటర్ మీదికి ద్విచక్ర వాహనాలను రానివ్వరు. వాళ్ల దారి కింద సర్వీసు రోడ్డే.

పొద్దున షిఫ్టు వేళ ఆ సర్వీసు రోడ్డు మీద నిలబడితే ఉత్తర శివారు ఎలా బతుకుతోందో కళ్లకు కడుతుంది. తుర్కపల్లి జీనోమ్ వ్యాలీలో మందుల కంపెనీలకు, మేడ్చల్ పారిశ్రామికవాడకు, గుండ్లపోచంపల్లి గోదాములకు, కండ్లకోయ కాలేజీలకు వెళ్లేవాళ్లలో ఎక్కువమంది బండి మీదే. హ్యాండిల్‌కి టిఫిన్ బాక్సు సంచి, వెనక సీటు మీద అదే దారిలో దిగాల్సిన మరో ఉద్యోగి, పక్కనుంచి రాసుకుంటూ పోయే కంటెయినర్ లారీ. రోడ్డు అంచున ఇసుక మేట కనిపించగానే ముందు బ్రేకు మీదనుంచి వేళ్లు వాటంతట అవే లేస్తాయి. వంపులో ఇసుక మీద ముందు బ్రేకు పడితే చక్రం జారిపోతుందని ఈ దారిన తిరిగేవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఔటర్ మీద నిషేధం తప్పని ఈ కథనం వాదించడం లేదు. అక్కడ గరిష్ఠ వేగాన్ని 2023లో గంటకు 100 నుంచి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగాల మధ్య వంద సీసీ బండి నడపడం ప్రాణాలతో చెలగాటమే. బెంగళూరు-మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మీద కూడా 2023 ఆగస్టు 1 నుంచి బైకులు, ఆటోలను ఆపేశారు. అసలు ప్రశ్న వేరే ఉంది. పైకి రావద్దన్నప్పుడు కింది దారిని మనుషులు వెళ్లేలా ఉంచాల్సింది ఎవరు? ఆ మాట అడగాల్సింది ఎవరు?

తెలంగాణలో రిజిస్టరైన ప్రతి నాలుగు వాహనాల్లో దాదాపు మూడు ద్విచక్ర వాహనాలే. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, అందులో 74,897 మంది ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. అంటే నూటికి నలభై నాలుగు మందికి పైనే. ఇంతమంది ఉన్నారని ప్రభుత్వాలకు తెలియక కాదు. పెరిగిన చలాన్లను అమలు చేయబోమని 2019 సెప్టెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అసెంబ్లీలో చెప్పారు. పెండింగ్ చలాన్లపై 2022లో బండ్లకు 75 శాతం, 2023 డిసెంబరులో 80 శాతం రాయితీ ఇచ్చారు. రాయితీ వస్తే జేబుకు కాస్త ఊరట. గుంతలు మాత్రం గుంతల్లానే ఉంటాయి.

అడగాలన్నా ఎవరి గుమ్మం తొక్కాలో తేల్చుకోవడమే పెద్ద పని. మేడ్చల్ మీదుగా పోయే 44వ నంబరు హైవే జాతీయ రహదారుల సంస్థది. శామీర్‌పేట మీదుగా కరీంనగర్, రామగుండం వెళ్లే రాజీవ్ రహదారి రాష్ట్ర ప్రభుత్వానిదే అయినా టోల్ ఒప్పందం కింద ప్రైవేటు సంస్థ నిర్వహణలో ఉంది. ఔటర్ హెచ్‌ఎండీఏ పరిధిలోది, దాని టోల్, నిర్వహణను 2023లో 30 ఏళ్లకు, రూ.7,380 కోట్లకు లీజుకిచ్చారు. లోపలి వీధులు మొన్నటిదాకా మున్సిపాలిటీలవి. 2025 డిసెంబరులో మేడ్చల్, తూంకుంట, కొంపల్లి, గుండ్లపోచంపల్లి జీహెచ్‌ఎంసీలో కలిశాయి. ఇంటి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా ఒకే బండి, ఒకే మనిషి. దారి మాత్రం నాలుగు ఆఫీసులది. ఒంటరిగా తిరిగితే పట్టుమని నెల తిరగకుండానే ఓపిక అయిపోతుంది.

ఒంటరిగా తిరగకుండా, సంఘం కట్టి సచివాలయం దాకా వెళ్లిన బండివాళ్లు మన దగ్గర లేకపోలేదు. వాళ్లు డెలివరీ రైడర్లు.

శివారులో ఆ పని నగరం నడిబొడ్డున చేసినట్టు ఉండదు. కొంపల్లిలో ప్యాకెట్ తీసుకుని మేడ్చల్ దాటి ఏ గేటెడ్ కమ్యూనిటీకో వెళ్లాలి. సెక్యూరిటీ దగ్గర ఎంట్రీ రాసి, ఎక్కడో చివరి బ్లాకుకు నడవాలి. తిరిగి వచ్చేటప్పుడు ఆర్డరు దొరక్కపోతే పెట్రోలు సొంత జేబులోంచే. చైన్ స్ప్రాకెట్, బ్రేకు ప్యాడ్లు, బండి ఈఎంఐ అన్నీ సొంతవే. వీటన్నిటికీ ఓర్చుకునే రైడర్ కూడా ‘ఐడీ బ్లాక్’ అంటే వణుకుతాడు. రాత్రి కస్టమర్ ఎవరో ఫిర్యాదు పెడతారు. తెల్లారి లాగిన్ చేస్తే యాప్ తెరుచుకోదు. ఫోన్ చేయడానికి మేనేజరు ఉండడు, వెళ్లడానికి ఆఫీసు ఉండదు. చాట్‌లో ఒకే జవాబు మళ్లీమళ్లీ వస్తుంది. తప్పేంటో తెలియదు, చెప్పుకునే చోటు లేదు. ఐదో తారీఖు ఈఎంఐ మాత్రం ఆగదు.

ఈ బాధలను ఒక చోట చేర్చింది తెలంగాణ గిగ్ అండ్ ప్లాట్‌ఫాం వర్కర్స్ యూనియన్. దాని వ్యవస్థాపక అధ్యక్షుడు షేక్ సలావుద్దీన్ ఒకప్పుడు క్యాబ్ నడిపినవారే. యాప్ ఆధారిత రవాణా కార్మికుల జాతీయ సమాఖ్య ‘ఐఫాట్’లోనూ ముందున్నారు. సామాజిక భద్రత తమకూ వర్తింపజేయాలని ఆ సమాఖ్య 2021లో సుప్రీంకోర్టు తలుపు తట్టింది. కోర్టుతో పాటు ఎన్నికల వేళనూ వదల్లేదు. 2023 నవంబరులో అసెంబ్లీ ఎన్నికలకు ముందు రాహుల్ గాంధీ హైదరాబాద్‌లో గిగ్ కార్మికులను కలిశారు. ప్రభుత్వం మారాక, డిసెంబరు 23న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో వాళ్లతో ముఖాముఖి కూర్చున్నారు. రూ.5 లక్షల ప్రమాద బీమా, రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద రూ.10 లక్షల వైద్యం ఆ రోజే ప్రకటించారు. ఆ ఏడాది జనవరిలో బంజారాహిల్స్‌లో కుక్క తరమడంతో మూడో అంతస్తు నుంచి పడి చనిపోయిన డెలివరీ కుర్రాణ్ణి తలచుకుని, ఆ కుటుంబానికి రూ.2 లక్షల సాయం ఇవ్వమన్నారు.

బీమాతో సంఘం సరిపెట్టుకోలేదు. దేశంలోనే తొలి గిగ్ కార్మికుల చట్టం రాజస్థాన్‌లో 2023 జులైలో వచ్చింది, మాకెప్పుడు అని అడుగుతూనే ఉంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ముసాయిదా బిల్లు జనం ముందుకు వచ్చింది. మే డే నుంచే అమలు చేయాలన్నది అప్పటి మాట. ఆ మే డే దాటిపోయింది. నవంబరులో మంత్రివర్గం బిల్లుకు ఆమోదం తెలిపింది. రైడర్లకు చేసే చెల్లింపులపై కంపెనీల నుంచి ఒకటి నుంచి రెండు శాతం సంక్షేమ రుసుము, ప్రభుత్వం, కంపెనీలు, కార్మికులు కలిసి కూర్చునే బోర్డు, పేర్ల నమోదు అందులో ఉన్నాయి. కారణం చెప్పకుండా తీసేయడం కుదరదన్న నిబంధన రైడర్ దృష్టిలో వీటన్నిటికంటే విలువైనది. ఐడీ బ్లాకైన రోజున జవాబు చెప్పాల్సిన మనిషి ఒకరు ఉంటారు.

ఆ తర్వాతి నెలలోనే, డిసెంబరు 25, 31 తేదీల్లో దేశవ్యాప్తంగా రైడర్లు సమ్మెకు దిగారు. పిలుపునిచ్చినవాళ్లలో హైదరాబాద్ సంఘం ముందుంది. కేంద్ర కార్మిక మంత్రి మన్సుఖ్ మాండవీయ కంపెనీలతో మాట్లాడాక 2026 జనవరిలో ‘పది నిమిషాల్లో డెలివరీ’ ప్రచారం వెనక్కి వెళ్లడం మొదలైంది. సమయం కోసం ఎర్ర లైటు దాటే రైడర్‌ని తిట్టినవాళ్లు చాలామంది. ఆ సమయాన్ని పెట్టింది ఎవరని అడగడానికి మాత్రం రైడర్ల సంఘమే కావాల్సి వచ్చింది.

బండివాళ్లు సంఘం కట్టడం మన దగ్గరే మొదలవలేదు. అమెరికాలో మోటారు సైకిలిస్టులు 1970ల ఆరంభంలోనే ‘అబేట్’ పేరుతో రాష్ట్రాలవారీగా సంఘాలు కట్టారు. హెల్మెట్ చట్టం చేయని రాష్ట్రాలకు రోడ్డు నిధులు కోసే అధికారాన్ని 1976లో అమెరికా కాంగ్రెస్ చేత రద్దు చేయించుకున్నారు. బ్రిటన్‌లో 1973లో పుట్టిన ‘మోటార్‌సైకిల్ యాక్షన్ గ్రూప్’ కూడా హెల్మెట్ మీద గొడవతోనే మొదలైంది. చట్టసభ సభ్యులను ఎలా కలవాలో వాళ్ల దగ్గర నేర్చుకోవచ్చు. హెల్మెట్ వద్దన్న వాళ్ల కోరిక మాత్రం మనకు పనికిరాదు. 2022లో మన దేశంలో హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. ఇక్కడ రైడర్ హక్కు హెల్మెట్ దగ్గరే మొదలవ్వాలి. కొత్త బండి కొన్నప్పుడు ప్రమాణాలకు తగిన హెల్మెట్ తయారీదారే ఇవ్వాలని కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 138వది చెబుతోంది. షోరూంలో దాన్ని గట్టిగా అడిగేవాళ్లు ఎందరు?

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. 2018లో జై భారతి నాయకత్వంలో నలుగురు మహిళలు తెలంగాణ పర్యాటక శాఖ అండతో ఆగ్నేయాసియా దేశాలకు మోటారు సైకిళ్ల మీద వెళ్లి వచ్చారు. ఆమె స్థాపించిన ‘మోవో’ సంస్థ బండి నడపడాన్ని మహిళల ఉపాధి విషయంగా మార్చింది. ఉత్తర శివారులో రాత్రి షిఫ్టు ముగించుకుని స్కూటీ మీద వచ్చే అమ్మాయికి సర్వీసు రోడ్డు మీద లైటు వెలగడమే మొదటి అవసరం.

ఈ ప్రాంతానికి పోరాటం కొత్తేమీ కాదు. కంటోన్మెంటులో సైన్యం మూసిన రోడ్ల కోసం సికింద్రాబాద్ ఈశాన్య కాలనీల సమాఖ్య ఏళ్లపాటు తిరిగింది. 2018 మేలో రక్షణ శాఖ వాటిని తెరవమంది. మెట్రో కోసం ఇక్కడి జనం అడగ్గా అడగ్గా 2025 జనవరి 1న ప్యారడైజ్-మేడ్చల్ 23 కిలోమీటర్లు, జేబీఎస్-శామీర్‌పేట 22 కిలోమీటర్ల లైన్లు ప్రకటించారు. మెట్రో వచ్చినా స్టేషన్ నుంచి ఇంటికి బండే దిక్కు. స్టేషన్ కింద బండ్లకు చోటు ఎంత ఉంచుతారో అడగడానికి ఇదే సమయం.

అంతకంటే ముందున్న పని రాజీవ్ రహదారి మీద ఉంది. ప్యారడైజ్ నుంచి శామీర్‌పేట ఔటర్ కూడలి దాకా 18 కిలోమీటర్ల ఎలివేటెడ్ కారిడార్‌కు 2024 మార్చి 7న శంకుస్థాపన జరిగింది. రెండు రోజులకే 44వ హైవే మీద డెయిరీ ఫాం దాకా మరో కారిడార్‌కు కండ్లకోయలో పునాది వేశారు. వాటి మీదికి బండ్లను రానిస్తారా, రానివ్వకపోతే స్తంభాల మధ్య కింది రోడ్డు వెడల్పు ఎంత, వాన నీరు ఎటు పోతుంది అన్న ప్రశ్నలు పని నడుస్తున్నప్పుడే కాగితం మీదికి ఎక్కాలి. జిల్లా రోడ్డు భద్రతా కమిటీ కలెక్టర్ చేతిలోనే ఉంటుంది. మేడ్చల్-మల్కాజిగిరి కలెక్టరేట్ శామీర్‌పేట మండలం అంతాయిపల్లిలో ఉంది. అక్కడ సోమవారం ప్రజావాణిలో అర్జీలు తీసుకుంటారు. ఆరు కంపెనీల షిఫ్టు ఉద్యోగులు, రెండు కాలేజీల విద్యార్థులు, డెలివరీ రైడర్లు కలిసి సంతకాలు పెట్టిన అర్జీ ఒకటి అక్కడ చేరితే, నాలుగు ఆఫీసుల వాళ్లనూ ఒకే బల్ల చుట్టూ కూర్చోబెట్టే అధికారం ఆ కలెక్టర్‌కు ఉంది.