వార్తల్లో పదం: లాకౌట్

కార్మికులు కలిసికట్టుగా పని మానేస్తే సమ్మె. వివాదం నడుస్తుండగా యాజమాన్యమే పని ఆపి, వారిని లోపలికి రానివ్వకపోతే లాకౌట్. ఉదయం షిఫ్టుకు వచ్చినవారికి గేటుకు తాళం, దాని పక్కన నోటీసు కనిపిస్తాయి. తన షరతులకు కార్మికులను ఒప్పించడమే యాజమాన్యం ఉద్దేశం.

లేఆఫ్ వేరు. బొగ్గు, విద్యుత్తు, ముడిసరుకుల కొరత, సరుకు పేరుకుపోవడం, యంత్రాలు పాడవడం వంటి కారణాలతో తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం లేఆఫ్. ఉద్యోగం పోదు. అర్హులకు మూలవేతనం, కరవు భత్యంలో సగం పరిహారంగా చెల్లించాలి. మిగులు సిబ్బందిని శాశ్వతంగా తొలగిస్తే అది రిట్రెంచ్‌మెంట్.

1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం ముందస్తు నోటీసును ప్రజోపయోగ సేవలకే తప్పనిసరి చేసింది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల స్మృతి దాన్ని అన్ని పారిశ్రామిక సంస్థలకూ వర్తింపజేసింది. సమ్మెకైనా, లాకౌట్‌కైనా 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రాజీ చర్చలు సాగుతున్నంత కాలం, అవి ముగిశాక 7 రోజుల వరకు రెండూ నిషిద్ధం. సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు మూకుమ్మడిగా క్యాజువల్ సెలవు పెట్టినా సమ్మెగానే పరిగణిస్తారు. చట్టవిరుద్ధ సమ్మెకు ప్రతిగా ప్రకటించే లాకౌట్ మాత్రం చట్టవిరుద్ధం కాదు.

ఒకే వివాదంలో పని ఆపేవారు మారవచ్చు. తెలంగాణ ఆర్టీసీలో 2019 అక్టోబరు 5న మొదలైన సమ్మెను సంఘాల జేఏసీ నవంబరు 25న విరమించింది. మరునాడు డిపోలకు వెళ్లిన కార్మికులను యాజమాన్యం విధుల్లోకి తీసుకోలేదు. ముఖ్యమంత్రి ప్రకటన తర్వాత 29న చేరారు.

కాబట్టి పని ఆగిందన్న వార్త చదివినప్పుడు, దాన్ని ఎవరు ఆపారో, ఎందుకు ఆపారో ముందు చూడాలి. కార్మికుడి హక్కులు తేలేది అక్కడే.