పాటెన్ కమిషన్

పాటెన్ కమిషన్ ఉత్తర ఐర్లాండులోని పోలీసు వ్యవస్థను సంస్కరించడానికి 1998లో బ్రిటిష్ ప్రభుత్వం నియమించిన స్వతంత్ర సంఘం. అదే సంవత్సరం ఏప్రిల్ 10న కుదిరిన గుడ్ ఫ్రైడే ఒప్పందం దీనికి ఆధారం. హాంగ్‌కాంగ్ చివరి బ్రిటిష్ గవర్నరు క్రిస్ పాటెన్ దీనికి అధ్యక్షత వహించాడు. చట్టబద్ధమైన అధికారం ఉండి కూడా ప్రజలలో ఒక వర్గపు విశ్వాసం లేని పోలీసు దళాన్ని ఏమి చేయాలన్నది ఈ సంఘం ఎదుర్కొన్న ప్రశ్న.

నేపథ్యం

1922లో ఏర్పడిన రాయల్ అల్‌స్టర్ కాన్‌స్టాబ్యులరీని బ్రిటన్‌తో కలిసి ఉండగోరిన ప్రొటెస్టంట్లు తమ రక్షక దళంగా భావించేవారు. ఐర్లాండు ఏకీకరణను కోరిన కాథలిక్కులలో చాలామందికి అది ఎదుటి పక్షపు సైన్యం. జనాభాలో కాథలిక్కులు 40 శాతానికి మించి ఉన్నప్పటికీ దళంలో సుమారు 8 శాతమే ఉండేవారు. చేరదలచిన కాథలిక్కు యువకునికి ఐ.ఆర్.ఏ. వలన ప్రాణభయం, సొంతవారి వెలి రెండూ తప్పేవి కావు. మరొక ప్రక్క, మూడు దశాబ్దాల హింసలో ఈ దళం 300 మందికి పైగా సిబ్బందిని కోల్పోయింది. ఆ కుటుంబాలకు సంస్కరణ అన్న మాటే అవమానంగా తోచింది.

సిఫారసులు

బహిరంగ సభలలో వేయి మందికి పైగా ప్రజల మాట విన్న తరువాత, 1999 సెప్టెంబరులో సంఘం 175 సిఫారసులతో నివేదిక సమర్పించింది. "సామాజిక పోలీసింగ్" అన్న పదం వాడి వాడి విలువ కోల్పోయిందని భావించి, దానికి బదులు "ప్రజలతో కలిసి పోలీసింగ్" అన్నారు. ఇది మాటల తేడా మాత్రమే కాదు. గస్తీ పోలీసు వీధిలో నడిచి పలకరించినంత మాత్రాన నమ్మకం కలుగదు. అతడు తప్పు చేస్తే ఎవరికి చెప్పుకోవాలన్నది ముఖ్యం. అందుకే 10 మంది రాజకీయ ప్రతినిధులు, 9 మంది స్వతంత్ర సభ్యులతో పోలీసింగ్ బోర్డు ఏర్పడింది. పోలీసులపై ఫిర్యాదులను పోలీసులే విచారించే పద్ధతి పోయి, 2000లో స్వతంత్ర పోలీసు అంబుడ్స్‌మన్ కార్యాలయం వచ్చింది. 29 మంది మరణించిన 1998 నాటి ఓమా బాంబు కేసు దర్యాప్తు లోపాలను 2001లో ఈ కార్యాలయమే ఎత్తిచూపింది.

అమలు, ఫలితాలు

2001 నవంబరు 4న దళం పేరు ఉత్తర ఐర్లాండ్ పోలీస్ సర్వీస్‌గా మారింది. కొత్త చిహ్నంలో కిరీటం, హార్ప్ వాద్యం, షామ్రాక్ ఆకు కలిసి చోటుచేసుకొన్నాయి. కొత్త నియామకాలలో సగం కాథలిక్కులకు కేటాయించారు. 2011లో ఈ నిబంధన ముగిసేనాటికి వారి వాటా సుమారు 30 శాతానికి చేరింది. పోలీసులకు సభ్యత్వం నిషేధించిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్ 2001లోనే ఆ నియమాన్ని రద్దు చేసుకొన్నది. సిన్ ఫెయిన్ పార్టీ మాత్రం 2007 జనవరి దాకా పోలీసులను గుర్తించలేదు.

2011 ఏప్రిల్‌లో ఓమాలో ఒక యువ కాథలిక్కు కానిస్టేబులు కారు బాంబుకు బలి అయ్యాడు. అతని శవపేటికను గేలిక్ క్రీడాకారులు, పోలీసులు వంతులవారీగా మోశారు. పదేళ్ళ క్రితం ఊహకందని దృశ్యమిది.

ఆ తరువాత కాథలిక్కుల వాటా పెద్దగా పెరగలేదు. 2023 ఆగస్టులో పోలీసు శాఖ పొరపాటున సుమారు పదివేల మంది సిబ్బంది ఇంటిపేర్లు, పనిచేసే విభాగాలు బయటపెట్టినప్పుడు, తమ ఉద్యోగం సంగతి బంధువుల వద్ద కూడా దాచుకొన్న కాథలిక్కు పోలీసులు అందరికంటె ఎక్కువగా కలవరపడ్డారు.