మానేశాడా? మాన్పించారా?

నిరుద్యోగ భృతి అనగానే మనకు ఎన్నికలు గుర్తొస్తాయి. 2018లో తెలంగాణలో టీఆర్‌ఎస్‌ నెలకు 3,016 రూపాయలన్నది. ఆ మాట మ్యానిఫెస్టో దాటి బయటికి రాలేదు. అదే ఏడాది అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లో యువనేస్తం మొదలై, నెలకు వెయ్యి రూపాయల చొప్పున కొందరి ఖాతాల్లో పడింది. ప్రభుత్వం మారాక అదీ ఆగింది. ఇవన్నీ చదువు ముగించుకుని ఉద్యోగం దొరకని కుర్రకారు కోసం. మరి ఉన్న ఉద్యోగం ఊడినవాడి సంగతి?

అతనికీ ఒక పథకం ఉంది. 2018 జులై 1నే మొదలైంది. పేరు అటల్‌ బీమిత్‌ వ్యక్తి కల్యాణ్‌ యోజన. ఈ పేరు నోరు తిరిగేలోపు మరో ఉద్యోగం దొరికేస్తుందని ఎవరైనా నవ్వితే తప్పుపట్టలేం. నడిపేది ఈఎస్‌ఐ సంస్థ. జీడిమెట్లలోనో పటాన్‌చెరులోనో పనిచేసేవాళ్లకు ఈఎస్‌ఐ అంటే మందుల కార్డు, సనత్‌నగర్‌ ఆసుపత్రిలో చాంతాడంత క్యూ. జీతం 18,000 అయితే నెలనెలా అందులోంచి 0.75 శాతం, అంటే 135 రూపాయలు కోస్తారు. యజమాని మరో 3.25 శాతం, 585 రూపాయలు కలుపుతాడు. ఆ డబ్బు జ్వరానికీ కాన్పుకే కాదు, పని పోయిన రోజులకు కూడా పనికొస్తుందని పే స్లిప్పులో ఎక్కడా ఉండదు.

మొదట్లో ఇచ్చింది సగటు రోజు ఆదాయంలో పాతిక శాతమే. కొవిడ్‌ వచ్చాక 2020లో దాన్ని సగానికి పెంచారు, షరతులూ కొంత సడలించారు. ఆ సడలింపుల గడువును విడతలు విడతలుగా పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి, ఇప్పుడు ఏ తేదీ దాకా ఉన్నాయో దరఖాస్తుకు ముందే బ్రాంచి ఆఫీసులో అడగాలి. ఎంత వచ్చినా 90 రోజులకే. అదీ జీవితంలో ఒక్కసారే.

అర్హత లెక్క ఇలా ఉంటుంది. పని పోయేనాటికి కనీసం రెండేళ్లు ఈఎస్‌ఐ కింద ఉండాలి. ఈఎస్‌ఐ ఏడాదిని రెండు ముక్కలు చేసి చూస్తుంది: ఏప్రిల్‌ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. పని పోవడానికి ముందున్న ముక్కలో 78 రోజులకు తగ్గకుండా చందా కట్టి ఉండాలి. అంతకు ముందు మూడు ముక్కల్లో ఏదో ఒకదానిలోనూ 78 రోజులు ఉండాలి. సడలింపుకు ముందైతే నాలుగింటిలోనూ అడిగేవాళ్లు. హౌస్‌కీపింగ్‌, సెక్యూరిటీ పనుల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాంట్రాక్టరు మారగానే పాత ఐపీ నంబరు, అంటే కార్మికుడి ఈఎస్‌ఐ బీమా నంబరు, అడగకుండా కొత్తది తీస్తారు. మనిషి అదే గేటు దగ్గర ఐదేళ్లుగా నిలబడి ఉన్నా, రికార్డులో ముగ్గురు కొత్తవాళ్లుగా కనిపిస్తాడు. నంబరు జన్మకంతా ఒకటే ఉండాలి. ఆ సంగతి కాంట్రాక్టరుకు గుర్తుచేయాల్సింది మనమే.

అసలు చిక్కు ఉద్యోగం పోయే రోజున మొదలవుతుంది. ‘బాబూ, ఈ కాగితం మీద ఒక సంతకం పెట్టు, సాయంత్రానికి సెటిల్మెంటు చేయిస్తా’ అంటాడు హెచ్చార్‌. ఆ కాగితం రాజీనామా. తీసేస్తున్నామని రాస్తే నోటీసు, ఏడాదికి పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం వంటివి మెడకు చుట్టుకుంటాయని యాజమాన్యాల భయం. కార్మికుడికేమో చేతికి రావాల్సిన ఆఖరి జీతం ముఖ్యం. సంతకం పడిపోతుంది. కానీ ఇష్టపడి మానేసినవాళ్లకు, స్వచ్ఛంద విరమణ తీసుకున్నవాళ్లకు, దుష్ప్రవర్తన కింద తొలగించినవాళ్లకు ఈ పథకం వర్తించదు. యజమాని నెలనెలా చందా కట్టే వెబ్‌సైటులో, పని రోజులు సున్నా అయితే కారణం ఎంచుకోమని ఒక జాబితా వస్తుంది. ‘ఉద్యోగం వదిలాడు’ అని ఒకటి, ‘రిట్రెంచ్‌మెంట్‌’ (సిబ్బంది తగ్గింపు) అని ఒకటి, ‘పని లేదు’ అని ఇంకొకటి. గుమాస్తా చెయ్యి ఏ వరుస మీద నొక్కిందో మనకెవరూ చెప్పరు. నా దృష్టిలో ఈ పథకానికి అన్నిటికన్నా పెద్ద బలహీనత ఇదే: పని తీసేసినవాడి మాట మీద, పని పోయినవాడి సాయం ఆధారపడటం.

డబ్బు ఎంతొస్తుందో చూద్దాం. రెండేళ్ల మొత్తం వేతనాన్ని 730తో భాగిస్తారు. నెలకు 18,000 లెక్కన 4,32,000 అవుతుంది, రోజుకు దాదాపు 592. అందులో సగం 296. తొంభై రోజులకు 26,600 పైచిలుకు. అదే యజమాని ఈఎస్‌ఐకి 12,000 మాత్రమే చూపించి మిగతాది చేతికిస్తుంటే వచ్చేది 17,750 దగ్గర ఆగిపోతుంది. నెలకు నలభై ఐదు రూపాయలు మిగిలాయని అప్పట్లో సంతోషించిన కార్మికుడికి అసలు నష్టం అప్పుడు తెలుస్తుంది.

పని పోయిన 30 రోజుల తర్వాత ఈఎస్‌ఐ వెబ్‌సైటులో క్లెయిము పెట్టుకోవచ్చు. ఆధార్‌, బ్యాంకు వివరాలు చాలు. 2020 నవంబరులో అఫిడవిట్‌ అవసరం లేదన్నారు. పాత యజమాని చేత పంపించాల్సిన పనీ లేదు, నేరుగా బ్రాంచి ఆఫీసుకే ఇవ్వొచ్చు.

ఫ్యాక్టరీ మూతపడినా, రిట్రెంచ్‌మెంట్‌ జరిగినా 2005 నుంచి ఉన్న రాజీవ్‌ గాంధీ శ్రామిక్‌ కల్యాణ్‌ యోజన ఇంకా మెరుగు. మొదటి ఏడాది వేతనంలో సగం, రెండో ఏడాది పాతిక శాతం, ఆ కాలమంతా కుటుంబానికి వైద్యం. రెండు పథకాల కిందా ఒకేసారి తీసుకోవడం కుదరదు.

ఇదంతా నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్ల సంగతి. మాదాపూర్‌లో లక్ష జీతం మీద లేఆఫ్‌ మెయిలు అందుకున్న ఇంజినీరుకు ఈ దేశంలో ఇలాంటి బీమా ఏదీ లేదు; తన పీఎఫ్‌ను తాను తీసుకోవడమే దిక్కు. సముద్రం దాటినా పెద్ద తేడా లేదు. అమెరికాలో నిరుద్యోగ బీమా రాష్ట్రాల వారీగా బాగానే ఉంది, గ్రీన్‌కార్డు ఉన్న తెలుగువాళ్లు తీసుకుంటున్నారు కూడా. హెచ్‌-1బీ మీద ఉన్నవాళ్ల జీతాల మీదా యజమాని ఆ పన్ను కడతాడు. కానీ సాయం అడగాలంటే ‘మరో చోట పనికి సిద్ధంగా ఉన్నాను’ అని చూపాలి. వీసా ఒక్క యజమానికే కట్టేసి ఉన్నందువల్ల సాధారణంగా అక్కడే తిరస్కరిస్తారు. వాళ్లకు దొరికేది అరవై రోజుల గడువే. ఆలోపు కొత్త కంపెనీ వీసా పత్రాలు దాఖలు చేయాలి, లేదంటే పెట్టె సర్దుకోవాలి.