స్నానపు నీటికి చిన్న కళ్లెము



ఉదయము తొమ్మిది గంటలకు మిద్దెమీది ట్యాంకు ఖాళీ యైనదని తెలిసినప్పుడు ఇంటిలో పుట్టెడు కేకలన్నియు వంటయింటి వైపే వచ్చును గాని స్నానపు గదివైపు పోవు. నీళ్లెవరు వాడినను లెక్క చెప్పవలసినది గృహిణియే. కావున ఆ లెక్క నొకసారి స్నానపు గదిలోనే తీసిచూచుట మంచిది.

మా అగళి సీమలో నీ విచారము మఱింత యెక్కువ. కర్ణాటకపు సరిహద్దున నున్న యీ మండలము పూర్వము అనంతపురము జిల్లాలోనిది. 2022 ఏప్రిలు మాసమున నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి వాన లిచ్చటికి వచ్చునప్పటికి సన్నగిల్లును. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏటి సగటు వర్షపాతము సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. తోటలకును బోరుబావులే, ఇండ్లకును బోరుబావులే దిక్కు. 2019వ సంవత్సరమున ఆరంభమైన జలజీవన మిషను పల్లెలలో మనిషి కొకనికి దినమునకు 55 లీటర్ల నీరు కొళాయి ద్వారా అందవలెనని లక్ష్యముగా పెట్టుకొన్నది. త్రాగుటకు, వంటకు, గిన్నెలకు, బట్టలకు, స్నానమునకు, అన్నిటికిని కలిపి 55 లీటర్లని గమనింపుడు.

పూర్వము రాగి అండాలో నీళ్లు కాచి, బకెట్టులో తొలిపి, చెంబుతో పోసికొనునప్పుడు ఒకటి రెండు బకెట్లతో స్నానము ముగిసెడిది. నీరు కంటికి కనబడుచుండుటచే పిల్లవాడు సైత మంచనా తప్పకుండెడివాడు. షవరు క్రింద నిలిచినవాని కాకొలత లేదు. నిమిషమునకు 10 లీటర్లు కురియు షవరు క్రింద ఎనిమిది నిమిషములు నిలిచినచో 80 లీటర్లు పోవును. అందు సబ్బు రుద్దుకొనుచు, తల కుంకుడు పులుముకొనుచు గడపు మూడు నిమిషముల నీరు ఒంటికి సోకకయే కాలువ పట్టును. అనగా 30 లీటర్లు. అయిదుగురున్న యింటిలో నది దినమునకు 150 లీటర్లు.

దీనికి విరుగుడుగా నంగడిలో రెండు విధముల వస్తువులు దొరకును. ఒకటి షవరు తలలో నమర్చెడి సన్నరంధ్రపు బిళ్ల. ఇది ధారను ఎల్లప్పుడును తగ్గించియుంచును. రెండవది షవరు తలకును గోడనుండి వచ్చు వంపు గొట్టమునకును నడుమ బిగించెడి చిన్న వాల్వు. దాని పిడిని త్రిప్పి ధారను మనకు వలసినంత తగ్గించుకొనవచ్చును. ఏది కొనవలెనో తేల్చుటకు ముందొక పరీక్ష చేయవలెను. 15 లీటర్ల బకెట్టు షవరు క్రింద పెట్టి, కొళాయి పూర్తిగా త్రిప్పి, గడియారము చూడుడు. ఒక నిమిషములో నిండినచో ధార చాల హెచ్చు. రెండు నిమిషములు పట్టినచో నిమిషమునకు ఏడున్నర లీటర్లే గనుక బిళ్లతో పనిలేదు.

ఈ భేదమునకు కారణము ట్యాంకు ఎత్తు. షవరు తలకంటె నీటిమట్టము 10 మీటర్లు ఎత్తున నున్నచో సుమా రొక బారు ఒత్తిడి కలుగును. ఒంటి మిద్దె యింటిలో ఆ యెత్తు రెండు మూడు మీటర్లకు మించదు గనుక ఒత్తిడి బారులో నాల్గవవంతు మాత్రమే యుండును. అమెరికాలో 1992 నాటి చట్టము షవరు ధారను నిమిషమునకు సుమారు తొమ్మిదిన్నర లీటర్లకు పరిమితము చేసినది. కాని ఆ కొలత అయిదున్నర బారుల ఒత్తిడికి చెప్పబడినది. అట్టి యొత్తిడికై చేసిన బిళ్లను మన యొంటి మిద్దె షవరులో పెట్టినచో తల తడియుటకే పావుగంట పట్టును! మోటారు ఒత్తిడితో నీరు వచ్చు ఇండ్లకును, ఎత్తైన మేడల క్రింది యంతస్తులకును బిళ్ల తగును. తక్కిన వారికి పిడిగల వాల్వే మేలని నా యభిప్రాయము.

దీని నమర్చుట కష్టము కాదు. మన షవరులలో చాలవఱకు అర అంగుళపు మరలే యుండును. ఐనను పాత తలను విప్పి అంగడికి తీసికొనిపోయి సరిచూచి కొనుట క్షేమము. మొదట కొళాయి కట్టివేసి, షవరు తలను గుడ్డతో పట్టుకొని అపసవ్యముగా త్రిప్పి విప్పవలెను. రెంచి వాడవలసినచో గుడ్డ చుట్టియే వాడుడు. లేనిచో మెఱుగు గీచుకొనిపోవును. అంతకంటె ముఖ్యముగా, విప్పునప్పుడు వంపు గొట్టమును రెండవ చేత గట్టిగా పట్టుకొనవలెను. అది గోడలోపల కదలినచో కారుట గోడలోనే మొదలగును. అప్పుడు చిన్నపని కాస్త టైల్సు పగులగొట్టు పని యగును. మరలమీది పాత టేపు పీచును తుడిచి, తెల్లని టెఫ్లాన్ టేపును, మర చివర మనవైపు నుండగా గడియారపు ముల్లు తిరుగు దిక్కుననే, నాలుగైదు చుట్లు లాగి చుట్టవలెను. ఎదురు దిక్కున చుట్టినచో బిగించునప్పుడు ఊడివచ్చును. తరువాత వాల్వును, దాని క్రింద రబ్బరు వాషరుతో షవరు తలను చేతితో బిగించి, నీరు వదలి చూచి, బొట్టు కారినచో మాత్రమే రెంచితో పావుచుట్టు బిగింపుడు.

వేడినీటి విషయమున మిక్కిలి జాగ్రత్త కావలెను. వేడి, చల్లని కొళాయిలు రెండును తెఱచియుంచి షవరు వాల్వును మాత్రము పూర్తిగా మూసినచో, ఒత్తిడి భేదముచే వేడినీరు చల్లని గొట్టములోనికి గాని, చల్లనీరు వేడి గొట్టములోనికి గాని ఎక్కవచ్చును. తిరిగి తెఱచినప్పుడు ఒక్కసారిగా కాగిన నీరు ఒంటిమీద పడును. అందుచేతనే మంచి వాల్వులను మూసినను సన్నని ధార వచ్చునట్లు చేయుదురు. అట్టిదానినే యడిగి కొనుడు. నీటిని అప్పటికప్పుడు కాచు గ్యాసు గీజరు ఉన్న యిండ్లలో ధార బాగుగా తగ్గినచో నీరు మఱింత కాగును, లేదా మంటయే యారిపోవును. పసిబిడ్డలకును ముసలివారికిని స్నానము చేయించునప్పుడు నేను బకెట్టు, చెంబులనే మెచ్చుకొందును. చేతితో వేడి చూచి పోయుటకు మించిన వాల్వు లేదు.

బోరు నీటిలోని సున్నపుపాలు షవరు రంధ్రములను పూడ్చును. ధార తగ్గినదని వాల్వును నిందింపక, తలను విప్పి చిక్కని చింతపండు రసములో అరగంట నానబెట్టి పాత పండ్లబ్రష్షుతో తోమి చూడుడు. వాల్వు పిడిని గూడ వారమున కొకసారి యీ కొననుండి ఆ కొనకు త్రిప్పుచుండవలెను. ఒకేచోట నుంచినచో ఆ సున్నమే దానిని పట్టివేయును.